తిట్టిన అన్నం, మెచ్చుకున్న అన్నం

హైదరాబాద్
ఆషాఢం, బోనాల ఆదివారం

సిరికీ, కన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

సిరీ, నువ్వు ఫోనులో అడిగింది ఫోనులో తేలేది కాదు, అందుకే ఈ ఉత్తరం. మీ క్లాసులో రెండు సీసాల్లో అన్నం పెట్టారు. ఒకదాని మీద "ప్రేమ" అనీ, రెండోదాని మీద "ఛీ" అనీ రాసి అతికించారు. వారం పాటు ఒకదాన్ని మెచ్చుకుని, రెండోదాన్ని తిట్టారు. తిట్టిన సీసాలో నల్లబూజు పట్టింది. "అన్నంలో ఉన్న నీళ్ళకు మన మాటలు వినిపిస్తాయట, నిజమేనా?" అన్నావు. వెనకనుంచి కన్నా "మరి నేను రోజూ చన్నీళ్ళ బకెట్‌ని తిడతానుగా!" అంటున్నాడు. ఇద్దరివీ మంచి ప్రశ్నలే. కన్నాది కాస్త ఎక్కువ మంచిది.

ఈ మాట పుట్టింది జపాన్‌లో. మసారు ఎమోటో అనే ఆయన 1999లో గడ్డకట్టిన నీళ్ళ ఫోటోలు పుస్తకంగా వేశాడు. నీళ్ళ సీసాకు "ధన్యవాదాలు" అన్న చీటీ అతికిస్తే అందమైన ఆరు రేకుల పువ్వు వచ్చిందనీ, తిట్టు అతికిస్తే వికారమైన ముద్ద వచ్చిందనీ చెప్పాడు. సీసాల్లో అన్నం ఆట కూడా ఆయన ప్రచారం చేసిందే. నాకు మొదట తట్టిన సందేహం చాలా చిన్నది. చీటీ జపనీస్‌లో రాస్తే జపాన్ నీళ్ళు చదువుకున్నాయి సరే, మన నల్లా నీళ్ళకు తెలుగు, ఉర్దూ రెండూ వచ్చి ఉండాలి కదా! అందులో కృష్ణా నీళ్ళు, గోదావరి నీళ్ళు, మంజీరా నీళ్ళు కలిసి వస్తాయి. మంజీరా కన్నడం కూడా దాటుకుని వస్తుంది.

నవ్వులాట అటుంచి, ఆ ఫోటోలు ఎలా తీశారో చూడండి. ఒకే నీళ్ళను 50 చిన్న గాజు పళ్ళేల్లో కాస్త కాస్త పోసి, మైనస్ 25 డిగ్రీల దగ్గర మూడు గంటలు గడ్డకట్టించేవారు. తరువాత మైనస్ 5 డిగ్రీల గదిలో, మైక్రోస్కోపు కింద, ఐసు బొడిపె కొసన విచ్చుకునే స్ఫటికాన్ని ఫోటో తీసేవారు. యాభైలో కొన్ని పువ్వుల్లా వస్తాయి, కొన్ని సగం సగం వస్తాయి, కొన్ని అసలు రావు. పుస్తకంలోకి ఏది ఎక్కాలో మనిషే ఎంచాడు. పెళ్ళి ఆల్బమ్ చూడండి, అందులో ఎవరూ కళ్ళు మూసుకుని ఉండరు. అంతమాత్రాన పెళ్ళిలో ఎవరూ రెప్ప వేయలేదని కాదు.

2006లో ఇంకొంచెం కట్టుదిట్టంగా చూశారు. టోక్యోలో సుమారు 2000 మంది, కాలిఫోర్నియాలో ఉన్న నీళ్ళ మీద మంచి ఆలోచన నిలిపారు. ఏ ఫోటో ఏ నీళ్ళదో తెలియని 100 మంది అందానికి మార్కులు వేశారు. ఆలోచన నిలిపిన నీళ్ళకు కాస్త ఎక్కువ మార్కులు వచ్చాయి. వచ్చాయన్న సంగతి దాచడం నాకు ఇష్టం లేదు. కానీ అందం అన్నది థర్మామీటరు చూపించే అంకె కాదు. పైగా ఒకసారి వచ్చిన ఫలితం, దాన్ని నమ్మని వాళ్ళు తమ గదిలో చేసినా మళ్ళీ మళ్ళీ రావాలి. అలా నిలబడనంతవరకు దాన్ని తెలిసిన సంగతుల్లో కలపకూడదు.

ఇక నీళ్ళ సంగతి. సిరీ, మీ స్కూల్లో ఆడపిల్లలందరికీ రెండు జడలూ రిబ్బన్లూ కదా? ఒక నీటి అణువును అలాంటి పిల్ల అనుకో. రెండు చేతులు, రెండు జడలు. చేతులు హైడ్రోజన్లు. జడలు ఆక్సిజన్ వెనకవైపు ఉంటాయి. ఒక పిల్ల చెయ్యి ఇంకో పిల్ల జడను పట్టుకుంటుంది, ఆ పిల్ల చెయ్యి మరొకరి జడను. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే మీ గ్రౌండ్ ఎలా ఉంటుందో గ్లాసులో నీళ్ళు అలా ఉంటాయి. పట్టుకోవడం, వదిలెయ్యడం, ఇంకొకరిని పట్టుకోవడం. ఒక పట్టు నిలిచేది సెకనులో సుమారు లక్ష కోట్లవ వంతు. నువ్వు "ప్రే" అని "మ" అనే లోపల ప్రతి పిల్లా వేల కోట్ల సార్లు జడలు మార్చేస్తుంది. ఎవరి జడ ఎవరు పట్టుకున్నారో అక్కడ ఎవరికీ గుర్తుండదు. మరి నీ మాట ఎక్కడ దాచుకుంటారు?

చలి పెరిగితే పిల్లలు నెమ్మదిస్తారు. సున్నా డిగ్రీల దగ్గర డ్రిల్లు మాస్టారు విజిల్ వేసినట్టే. ప్రతి పిల్లా రెండు చేతులతో ఇద్దరి జడలు పట్టుకుని, తన రెండు జడలు ఇంకో ఇద్దరికిచ్చి, కదలకుండా నిలబడుతుంది. అలా నిలబడితే ఆరుగురేసి గుండ్రాలు ఏర్పడతాయి. మంచు పువ్వుకు ఆరు రేకులు అందుకే. ఏడు రావు, అయిదు రావు. చేతులు చాచి నిలబడ్డారు కాబట్టి చోటు ఎక్కువ పడుతుంది. నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. నిండుగా నింపిన సీసా ఫ్రీజర్లో పగిలేది, ఐసు ముక్క షర్బత్ మీద తేలేది ఈ జడల ఆట వల్లే. నిజానికి అణువుకు చెయ్యీ లేదు, జడా లేదు, రిబ్బను అసలే లేదు. అయినా ఈ పోలిక నాకు బాగా నచ్చింది. మీ సైన్సు టీచరు ఒప్పుకోకపోతే నా పేరు చెప్పండి.

మరి ఒక పువ్వు ఒకలా, ఇంకోటి ఇంకోలా ఎందుకొస్తాయి? దానికి జవాబు కూడా జపాన్‌లోనే దొరికింది, ఎమోటో కంటే చాలా ముందు. ఉకిచిరో నకాయా అనే భౌతిక శాస్త్రవేత్త 1936లో హొక్కైడోలో, కుందేలు వెంట్రుక కొసన మొట్టమొదటి కృత్రిమ మంచు స్ఫటికాన్ని పెంచాడు. గాలిలో వేడినీ తేమనూ మారుస్తూ ఎప్పుడు ఏ ఆకారం వస్తుందో పట్టిక వేశాడు. మైనస్ 2 దగ్గర పల్చటి పలకలు, మైనస్ 5 దగ్గర సూదులు, మైనస్ 15 దగ్గర తేమ దండిగా ఉంటే కొమ్మలు విరిసిన నక్షత్రాలు. మూడు డిగ్రీల తేడాకు రూపమే మారిపోతుంది. ఫ్రీజరు తలుపు ఒక్కసారి తెరిచినా ఆ తేడా వచ్చేస్తుంది. అదే పని తిట్టు చేసిందనాలంటే ముందు తలుపు లెక్క తేలాలి.

ఇక్కడ మా కాలం ఐసు మాట ఒకటి చెప్పాలి. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఫ్యాక్టరీ నుంచి మనిషంత ఐసు దిమ్మ రంపపు పొట్టులో, గోనెపట్టా చుట్టుకుని వచ్చేది. ఉప్పునీళ్ళు మైనస్ 10 డిగ్రీల దాకా చల్లబడినా గడ్డకట్టవు. అలాంటి ఉప్పునీళ్ళ తొట్టిలో మంచినీళ్ళ రేకుడబ్బాలు దించి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచేవారు. దిమ్మ బయట అద్దంలా ఉండేది, నడిమధ్య తెల్లటి గీత. ఎందుకంటే గడ్డ బయటినుంచి లోపలికి కడుతుంది. గుండ్రాల్లో నిలబడ్డ పిల్లలు తమ వరసలో ఉప్పునూ, సున్నాన్నీ, గాలినీ చేర్చుకోరు, లోపలికి నెట్టేస్తారు. ఆఖరికి అవన్నీ మధ్యలో ఇరుక్కుపోతాయి. మీరు రెండు స్టీలు గ్లాసుల్లో చేసి చూడండి. ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఒకదాంట్లో ఫిల్టరు నీళ్ళు, ముప్పాతిక వంతే పోయాలి. ఏ గ్లాసులో తెల్లదనం ఎక్కువో చూడండి. నీళ్ళు గుర్తుపెట్టుకునేది ఏమైనా ఉంటే అది ఇదే, తమలో ఏం కలిసిందో అది.

శబ్దం మాటకొస్తే, గాలిలోనుంచి నీళ్ళ మీద పడే శబ్దశక్తిలో వెయ్యిలో 999 పాళ్ళు పైనుంచే వెనక్కి తిరిగిపోతాయి. మామూలు మాటలో ఉండే శక్తి సుమారు 10 మైక్రోవాట్లు, అంటే ఒక వాటులో లక్షవ వంతు. అది మొత్తం లోపలికి దూరిందనే అనుకుందాం. 200 మిల్లీలీటర్ల గ్లాసు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే ఆపకుండా రెండున్నరేళ్ళకు పైగా మాట్లాడాలి. కన్నా, నీ బకెట్ చల్లగానే ఉంటుంది.

అయితే మీ సీసాలో బూజు పట్టింది కదా, అది అబద్ధం కాదు. బూజు విత్తులు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. ఆషాఢం ముసురులో అయితే చెప్పక్కర్లేదు. రెండో సీసాలోకి అన్నం వేసేసరికి అది చల్లారి ఉండొచ్చు, గరిటె నేలకు తగిలి ఉండొచ్చు. తిట్టడానికి ఎవరో మూత తీసి ఉండొచ్చు, తిట్టేటప్పుడు తుంపర్లు పడతాయి మరి! మెచ్చుకున్న సీసాను అందరూ ముందు వరసలో ఎండ తగిలేచోట పెడతారు, తిట్టినదాన్ని మూలకు తోస్తారు. అసలు చిక్కు వేరే ఉంది. సీసాలు రెండే అయితే ఏదో ఒకటి ముందు పాడవ్వాలి. అది తిట్టిన సీసా అయ్యే అవకాశం సగం. 40 మంది పిల్లలు ఇళ్ళలో చేస్తే సుమారు 20 మందికి "నిజమే" అనిపిస్తుంది. ఫోటోలు పంపేది ఆ 20 మందే. మిగతావాళ్ళు సీసా కడిగేసి ఊరుకుంటారు.

అందుకని మళ్ళీ చెయ్యండి, ఈసారి ఎనిమిది సీసాలతో. ఒకే సైజు జామ్ సీసాలు కావాలి. సీసాలూ మూతలూ పది నిమిషాలు మరిగే నీళ్ళలో ఉంచి, బోర్లించి ఆరబెట్టండి. ఈ పని అమ్మ చేస్తుంది, మీరు కాదు. ఒకే గిన్నెలో వండిన అన్నం, పొగలు వస్తుండగానే, వంటింటి త్రాసు మీద తూచి ఒక్కోదాంట్లో 30 గ్రాములు, ఒకే చెంచాతో వేయండి. మూత బిగించి, అర చుట్టు వెనక్కి తిప్పండి. అన్నం పులిస్తే గ్యాసు పుడుతుంది, మరీ బిగిస్తే సీసా పగలొచ్చు. అడుగున 1 నుంచి 8 దాకా అంకెలు వేయండి. "ప్రేమ", "ఛీ" చీటీలు వద్దు.

నాలుగు అంకెలు మెచ్చుకోవడానికి, నాలుగు తిట్టడానికి. మీకు నచ్చినట్టు ఎంచకండి, చీటీలు వేసి తీయండి. జాబితా కవరులో పెట్టి అతికించండి. సిరి దగ్గర ఒక నకలు ఉంటే చాలు. అమ్మ ఒక్కో సీసా బల్ల మీద పెడుతుంది. సిరి మూరెడు దూరం నుంచి, ముట్టుకోకుండా, ఒకే గొంతుతో నిమిషం సేపు మాట్లాడుతుంది. చేత్తో పట్టుకుంటే వెచ్చబడుతుంది, ఆ ఒక్క తేడా చాలు బూజు త్వరపడటానికి. తరువాత సీసాలు వరస మార్చి, ఒకే అరలో పెట్టండి. ఏడో రోజు, ఏమీ తెలియని పక్కింటి పిన్నిగారిని పిలిచి, అన్నిటికంటే శుభ్రంగా ఉన్నదాని నుంచి అన్నిటికంటే పాడైనదాని దాకా వరసగా పెట్టమనండి. అప్పుడు కవరు చించండి.

తిట్టిన నాలుగూ సరిగ్గా చివరి నాలుగు స్థానాల్లో ఉంటే నాకు వెంటనే ఫోను చేయండి, ఎందుకంటే అదృష్టం కొద్దీ అలా జరిగే అవకాశం 70లో 1. కలిసిపోయి ఉంటే కూడా ఫోను చేయండి. అదే జరుగుతుందని నా అంచనా, కానీ నా అంచనాను మీరు తిట్టొచ్చు, మెచ్చుకోవచ్చు, దానికీ ఏమీ కాదు.

అన్నం పారేసేటప్పుడు మూత తీసి వాసన చూడొద్దు. కవరులో మూటకట్టి, సీసాతో సహా చెత్త బండికి ఇచ్చెయ్యండి. సీసా మీద ఆశ పడకండి.

మీ నానమ్మ ఇది చదివి, "మరి తీర్థం మాటేమిటి? దర్గాలో ఊది ఇచ్చే నీళ్ళ మాటేమిటి?" అంది. తీర్థం రాత్రంతా రాగి చెంబులో ఉంటే రాగి కొంచెం నీళ్ళలోకి దిగి క్రిములను చంపుతుంది, అది కొలిచి చూసిన సంగతి. (రాగిలో మజ్జిగ, నిమ్మరసం మాత్రం పోయకూడదు, రాగి మరీ ఎక్కువ దిగి వాంతులవుతాయి.) అరచేతిలో తీర్థం పోసేటప్పుడు వంగే తల, ఊది ఇచ్చేటప్పుడు పిల్లవాడి వీపు మీద తల్లి పెట్టే చెయ్యి, ఇవి పనిచేసేది నీళ్ళ మీద కాదు, తాగేవాళ్ళ మీద. గ్లాసు విసురుగా పెట్టి ఇచ్చినా, కూర్చోబెట్టి ఇచ్చినా నీళ్ళు అవే. గొంతు దిగడంలో తేడా ఉంటుంది. మూసీని కూడా ఎవరూ తిట్టలేదు. పురానాపూల్ మీద ముక్కు మూసుకోవాల్సి వస్తున్నది మనం అందులోకి వదిలినదాని వల్లే.

ఇంతా చెప్పి, నాకు కొరుకుడుపడని సంగతి ఒకటుంది. మంచు పువ్వులో ఒక రేకుకు పక్క రేకు కనబడదు, వినబడదు. ఆరూ ఒకే గాలిలో, ఒకే చలిలో పెరిగాయి కాబట్టి ఒకలా వచ్చాయంటారు. సరే, ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక కూడా ఫోటో చూస్తే నోరు తెరుచుకునే ఉంటుంది.

మన ఊళ్ళో మంచు పడదు గానీ వడగళ్ళు పడతాయి. వచ్చే ఏప్రిల్‌లో సాయంత్రం పూట ఆకాశం నల్లబడితే ఒక స్టీలు గిన్నె ఫ్రీజర్లో పెట్టి చల్లబరిచి ఉంచుకోండి. రాళ్ళవాన ఆగాకే, ఆగిన వెంటనే, పెద్ద వడగల్లు ఏరి అందులో వేసి ఫ్రీజర్లో పెట్టండి. అరగంట తరువాత, వేడినీళ్ళలో ముంచిన కత్తితో నాన్న దాన్ని నిలువునా కోయాలి. ఉల్లిపాయలో లాగా పొరలుంటాయి. పాలలా తెల్లగా ఉన్న పొర గబుక్కున గడ్డకట్టి గాలిని బంధించింది. అద్దంలా ఉన్నది నిదానంగా కట్టింది. టార్చి లైటు వెనక నుంచి వేసి, కన్నా లెక్కపెడతాడు. పలక పట్టుకుని సిరి బొమ్మ వేసుకోవాలి, ఎందుకంటే రెండోసారి లెక్కపెట్టేదాకా అది ఆగదు.

మీ
తాతయ్య