ఒకే ‘ని’, రెండు విభక్తులు: కరచాయ్-బల్కార్ భాష

రష్యా దక్షిణాన, 5,642 మీటర్ల ఎల్బ్రుస్ శిఖరం చుట్టూ ఉన్న కొండ ఊళ్లలో వినిపించే భాష కరచాయ్-బల్కార్. తుర్కిక్ కుటుంబంలో కిప్చాక్ శాఖకు చెందినది. తెలుగులో లాగే విభక్తులన్నీ పదం చివర చేరతాయి కనుక మనకు ఇది సులువుగానే పట్టుబడుతుంది.

‘ఎల్’ అంటే ఊరు. ఊరికి ‘ఎల్‌గె’, ఊళ్లో ‘ఎల్‌దె’, ఊరి నుంచి ‘ఎల్‌దెన్’. పదంలోని అచ్చును బట్టి ప్రత్యయమూ మారుతుంది: ‘తావ్’ అంటే కొండ, కొండ నుంచి ‘తావ్‌దన్’. మనం పులికి, చెట్టుకు అంటున్నప్పుడు జరిగేదీ ఇలాంటిదే. అక్కడ ఈ పద్ధతి దాదాపు ప్రత్యయాలన్నిటికీ వర్తిస్తుంది.

ఊరిని అనడానికి ‘ఎల్‌ని’. మన ‘ని’కీ దీనికీ చుట్టరికం లేదు, పోలిక యాదృచ్ఛికం. విశేషమేమిటంటే, ‘ఊరి యొక్క’ అన్నా ‘ఎల్‌ని’యే. ఇదే శాఖకు చెందిన కజక్ భాషలో షష్ఠి చివర ‘ఙ్’ ధ్వని మిగిలి ఉంది. ఇక్కడ అది రాలిపోవడంతో షష్ఠీ ద్వితీయా ఒకటైపోయాయి. అయినా తికమక లేదు. ‘ఎల్‌ని కొర్దుమ్’ అంటే ఊరిని చూశాను. ‘ఎల్‌ని అతి’ అంటే ఊరి పేరు. పేరుకు మాట ‘అత్’. దాని చివర చేరిన ‘ఇ’కి ‘దాని’ అని అర్థం. యజమాని ఎవరో ముందు మాట చెబుతుంది, సొత్తు కూడా ఆ సంగతినే మళ్లీ చెబుతుంది. ఈ భాషలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే.

నా ఊరు ‘ఎలిమ్’, నీ ఊరు ‘ఎలిఙ్’, మా ఊరు ‘ఎలిబిజ్’, మీ ఊరు ‘ఎలిగిజ్’. ‘ఎలి’ అంటే అతని ఊరూ కావచ్చు, ఆమె ఊరూ కావచ్చు, లింగభేదం లేదు. కలిసిపోయిన ఆ రెండు విభక్తులూ ఇక్కడ మళ్లీ విడిపోతాయి: అతని ఊరిని ‘ఎలిన్’, అతని ఊరి యొక్క ‘ఎలిని’. చెవి పెట్టి వినాల్సిన చోటు మరొకటి ఉంది. ‘ఎలిన్‌దె’ అంటే అతని ఊళ్లో, ‘ఎలిఙ్‌దె’ అంటే నీ ఊళ్లో. తేడా అంతా న-ఙలదే. మన అక్షరమాలలో విడిగా దాదాపు పనిలేని ‘ఙ’ అక్కడ మనిషినే మార్చేస్తుంది.

ఇవన్నీ వరసగా పేర్చితే ‘ఎల్లెరిబిజ్‌దెన్’: మా ఊళ్ల నుంచి. ఈ ఉదాహరణను కావాలనే ఎంచుకున్నాను. సోవియట్ ప్రభుత్వం 1943 నవంబరులో కరచాయ్‌లను, 1944 మార్చిలో బల్కార్‌లను వాళ్ల ఊళ్ల నుంచి మధ్య ఆసియాకు బలవంతంగా తరలించింది. సొంతగడ్డకు తిరిగి వెళ్లేందుకు 1957లో గానీ దారి దొరకలేదు. ఆ పదంలో ఒక చిన్న చిత్రం కూడా ఉంది. ఊళ్లు అని విడిగా అంటే ‘ఎల్లె’, అక్కడ ‘ర్’ వినిపించదు. మా, మీ అని తెలిపే ప్రత్యయం చేరగానే ‘ఎల్లెర్-’ అని పాత ‘ర్’ బయటికి వస్తుంది.