కూర్చోవడానికీ మోకాలు వంచడానికీ మధ్య ఆరు రోజులు

మళ్లీ అదే ఫొటో వచ్చింది. స్టేడియంలో జాతీయగీతం వేళ ఒక అమెరికా ఆటగాడు మోకాలు నేలకు ఆనించి ఉంటాడు, కింద ‘ఇదే మన దేశంలో చేసుంటే?’ అని ఎర్రక్షరాలు. ఈ వారంలో నాకు నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చింది. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పొద్దున నడిచేవాళ్ల మధ్య గొడవ కూడా అయింది. సాయంత్రంలోగా దీని నేపథ్యం రాసివ్వమన్నారు కాబట్టి మొదటి నుంచీ చెప్పేంత టైం లేదు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో గీతం వేళ ఇద్దరు నల్లజాతి అమెరికా రన్నర్లు నల్ల గ్లౌజుల పిడికిళ్లు ఎత్తిన ఫొటో అందరూ చూసిందే, దాన్ని వదిలేస్తున్నా. నా లెక్కన ఈ కథంతా 2016లో ఒక ఆరు రోజుల్లో ఉంది.

ఆ ఫొటోలోని కొలిన్ కేపర్నిక్ శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు క్వార్టర్‌బ్యాక్, బంతి విసిరి ఆట నడిపించేవాడు. ఆడేది వాళ్ల ఫుట్‌బాల్, అంటే ఎక్కువగా చేత్తో ఆడేది. ఆ ఆగస్టులో గీతం వేళ బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదటి రెండు మ్యాచుల్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆగస్టు 26న మూడోసారి కూర్చున్నాక విలేకరి అడిగితే, నల్లవాళ్లను, తెల్లవాళ్లు కానివాళ్లను అణిచే దేశపు జెండాకు గర్వంగా లేచి నిలబడలేనన్నాడు. పోలీసుల చేతుల్లో నల్లవాళ్లు చనిపోతున్నారు, చంపినవాళ్లేమో జీతంతో సెలవు మీద ఇంట్లో ఉంటున్నారు, ఇదీ అతని మాట. తెల్లారేసరికి అతని జెర్సీలు తగలబెట్టే వీడియోలు వచ్చేశాయి.

అప్పుడు నేట్ బోయర్ అనే మాజీ సైనికుడు అతనికి బహిరంగ లేఖ రాశాడు. అమెరికా సైన్యంలో గ్రీన్ బెరే అంటే మామూలు దళం కాదు. బోయర్ అందులో పనిచేసి వచ్చి, కొన్నాళ్లు సియాటిల్ జట్టులో ట్రయల్ కూడా ఆడాడు. నువ్వు కూర్చుంటే నాకు కష్టంగా ఉంది, అయినా నువ్వు చెప్పేది వినాలనుంది అని ఆ లేఖ సారాంశం. కేపర్నిక్ పిలిపించుకున్నాడు. శాన్‌డియేగోలో మ్యాచ్ రోజే ఇద్దరూ, జట్టులోని ఎరిక్ రీడ్ అనే ఇంకో ఆటగాడూ కూర్చుని మాట్లాడుకున్నారు. కూర్చుంటే జట్టుకు దూరంగా ఒంటరిగా ఉన్నట్టుంటుంది, నిలబడితే చెప్పదలుచుకున్నది చెప్పినట్టుండదు. మోకాలు వంచు, చనిపోయిన తోటి సైనికుడి సమాధి ముందు మేమూ అలాగే వంగుతాం అన్నాడు బోయర్.

సెప్టెంబర్ 1 రాత్రి. శాన్‌డియేగో నౌకాదళం ఊరు, ఆ మ్యాచేమో సైనికులను సత్కరించే మ్యాచ్. గీతం మొదలవగానే కేపర్నిక్, రీడ్ ఒక మోకాలు వంచారు. పక్కనే బోయర్ గుండె మీద చేయి పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. చుట్టూ జనం అరుపులు, ఈలలు. ఏడాది తర్వాత రీడ్ ఒక వ్యాసంలో రాశాడు, విషాదం జరిగినప్పుడు జెండాను సగం దించి ఎగరేస్తారే, మా భంగిమ అలా ఉందనుకున్నానని.

నాకు ఈ గొడవంతా ఇక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. సైన్యాన్ని అవమానించాడు అన్నారు, సరే, సైనికుడినే అడిగి, అతను చెప్పినట్టే మార్చుకున్నాడు. కూర్చున్నవాడు వంగాడు. అంటే ఒక మెట్టు దిగాడు. అయినా కోపం తగ్గలేదు, పెరిగింది. భంగిమ మార్చినా చల్లారలేదంటే ఆ కోపం అసలు భంగిమ మీదేనా?

అవతలివాళ్ల మాటా చెప్పాలి. చచ్చిపోయిన కొడుకు శవపేటిక మీద కప్పిన జెండాను మడిచి చేతికిస్తే తీసుకున్న తల్లిదండ్రులకు ఆ గీతం నిరసన చెప్పుకునే చోటు కాదు. ఆ ఆగస్టులోనే ప్రాక్టీసులో పోలీసు టోపీ పెట్టిన పందుల బొమ్మల సాక్సులు వేసుకుని కేపర్నిక్ తన వాదనను తానే చెడగొట్టుకున్నాడు, అది నిజమే.

కానీ ఆ దేశభక్తి సంగతి కొంచెం వెనక్కి వెళ్లి చూస్తే వేరేగా ఉంటుంది. 2009 దాకా రాత్రి ప్రైమ్ టైమ్ మ్యాచుల్లో గీతం వేళ ఆటగాళ్లు మైదానంలో ఉండేవాళ్లే కాదు, లోపల డ్రెస్సింగ్ రూములో ఉండేవాళ్లు. 2015లో మెకెయిన్, ఫ్లేక్ అనే ఇద్దరు సెనేటర్లు ఒక నివేదిక బయటపెట్టారు. మైదానాల్లో సైనికులకు సన్మానాలు, భారీ జెండాలు, వీటికి రక్షణ శాఖ క్రీడా జట్లకు 68 లక్షల డాలర్లు కట్టిందని తేల్చారు. మెకెయిన్ వియత్నాంలో అయిదేళ్లకు పైగా జైల్లో ఉన్న మనిషి, ఆయన దేశభక్తిని శంకించేవాళ్లు తక్కువ. ఆ తర్వాత ఫుట్‌బాల్ లీగ్ 7 లక్షల డాలర్లకు పైగా వెనక్కి కట్టింది. పెళ్లి భోజనానికి పిలిచి విస్తరికింత అని లెక్క రాసుకున్నట్టు.

ఇంకా వెనక్కి, 1996 మార్చి. డెన్వర్ బాస్కెట్‌బాల్ జట్టులో మహ్మూద్ అబ్దుల్ రవూఫ్ గీతానికి నిలబడనన్నాడు, జెండా అణచివేతకు గుర్తన్నాడు. ఒక మ్యాచ్ నిషేధం, ముప్పై వేల డాలర్లకు పైగా నష్టం. తర్వాత రాజీ కుదిరింది: నిలబడతాడు, తల దించుకుని ప్రార్థన చేసుకుంటాడు. రాజీ పడినవాడిని ఆ ఏడాదే వేరే జట్టుకు ఇచ్చేశారు. ఇక్కడా అతను ఒక మెట్టు దిగాడని గమనించండి.

తర్వాతిది తెలిసిందే. 2017 సెప్టెంబర్‌లో ట్రంప్ అలబామా సభలో ఒక బూతు మాట (ఇక్కడ రాయలేను) అని, అలాంటివాణ్ని మైదానంలోంచి గెంటేయమన్నాడు. ఆ ఆదివారం రెండు వందల మందికి పైగా ఆటగాళ్లు వంగారు, కూర్చున్నారు. అంతమంది చేసేసరికి పోలీసు కాల్పుల మాట పోయి ట్రంప్ మాట మిగిలింది. అప్పటికి కేపర్నిక్‌కు జట్టే లేదు. 2017 జనవరి 1 తర్వాత అతను ఒక్క మ్యాచ్ ఆడలేదు. తనను ఏ జట్టూ తీసుకోకుండా యజమానులు కుమ్మక్కయ్యారని ఫిర్యాదు చేస్తే 2019 ఫిబ్రవరిలో రాజీ అయింది. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద ఒక పోలీసు మోకాలు పెట్టి చంపాక, లీగ్ కమిషనర్ మేం ఆటగాళ్ల మాట వినకపోవడం తప్పని ఒప్పుకున్నాడు. ఆ ప్రకటనలో కేపర్నిక్ పేరు మాత్రం లేదు.

ఇక ‘మన దేశంలో చేసుంటే?’ అన్నదానికి వద్దాం. మన దగ్గర ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఆటలో కాదు, బడిలో. 1985 జూలైలో కేరళలో ముగ్గురు పిల్లల్ని బడిలోంచి తీసేశారు. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబం వాళ్లది, జాతీయగీతం పాడటానికి వాళ్ల నమ్మకం ఒప్పుకోదు. ప్రార్థన వేళ గీతానికి లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. ఏళ్ల తరబడి ఎవరికీ అభ్యంతరం లేదు. ఒక ఎమ్మెల్యే చూసి అసెంబ్లీలో లేవనెత్తాడు. విచారణ వేస్తే పిల్లలు బుద్ధిమంతులే, గీతాన్ని అగౌరవపరచలేదని తేలింది, అయినా తీసేశారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లను మళ్లీ చేర్చుకోమంది. గౌరవంగా నిలబడి పాడకుండా ఉండటం అవమానం కాదంది. “మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచబరచవద్దు” అని ఆ తీర్పు రాసింది జస్టిస్ ఒ.చిన్నప్పరెడ్డి. మన అనంతపురం జిల్లా మనిషే. ఆ ఫొటో ఫార్వర్డ్ చేసిన నలుగురిలో ఒక్కరికీ ఈ సంగతి తెలీదు. నాకూ లా చదివేదాకా తెలీదు లెండి.

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడే ఒక కుర్రాడు సూటిగానే అడిగాడు, “సార్, నేను మోకాలు వంచితే కేసు అయితాదా?” జాతీయ జెండాను, గీతాన్ని అవమానించకుండా చేసిన 1971 చట్టం చెప్పేది ఇంత: గీతం పాడనీయకుండా కావాలని అడ్డుకుంటే, పాడేవాళ్ల మధ్య అలజడి చేస్తే మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఊరికే నిలబడకపోవడానికి అందులో శిక్ష రాసిలేదు. కానీ కేరళ పిల్లలు నిలబడ్డారు. మోకాలు వంచినవాడికి ఆ తీర్పు అచ్చంగా పనికొస్తుందని నేను చెప్పలేను. చెప్పగలిగింది ఒకటే, కేసుకంటే ముందు జనం వస్తారు. 2016లో గోవా సినిమా హాల్లో గీతానికి నిలబడలేదని ఒకాయన్ని కొట్టారు, ఆయన చక్రాల కుర్చీలో ఉండే మనిషి. ఆ నవంబర్‌లోనే సినిమా హాళ్లలో గీతాన్ని సుప్రీంకోర్టు తప్పనిసరి చేసింది, 2018 జనవరిలో మీ ఇష్టమంది. 2017 జనవరి 26న కాన్పూర్ టీ20లో గీతం వేళ బబుల్ గమ్ నమిలాడని కశ్మీర్ ఆటగాడు పర్వేజ్ రసూల్‌ను పట్టుకుని తిట్టారు. అయిదేళ్ల తర్వాత కేప్‌టౌన్‌లో కోహ్లీ నమిలినప్పుడూ తిట్లు పడ్డాయి. కానీ నేను చూసిన తిట్లలో కోహ్లీ ఊరు పేరు ఎవరూ తీయలేదు.

మా నడక గ్రూపులో రిటైర్డ్ సుబేదార్ ఒకాయన ఉన్నాడు. గొడవలో గట్టిగా అరిచింది ఆయనే. “యాభై రెండు సెకన్లప్పా! అంతసేపు నిలబడేదానికి ఏం రోగం?” ఆయనది నిజమైన బాధ, కార్గిల్ నుంచి వచ్చిన పెట్టెలు మోసిన భుజం. నిన్న నడక అయ్యాక ఉగ్గాణి, బజ్జీ తింటూ బోయర్ సంగతి చెప్పాను, ఫోనులో ఆ రాత్రి ఫొటో మొత్తం చూపించాను. బజ్జీ పక్కన పెట్టి, కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

“ఈ పక్కన నిలబడినోడు సోల్జరా?”

“అవును సార్.”

“మోకాలు వంచమని ఈయప్పే చెప్పినాడా?”

“ఈయనే.”

ఫోను నా చేతికిచ్చేశాడు. “మరి గ్రూపులో వచ్చిన ఫొటోలో ఈయప్ప లేడే. కోసేసినారే.”