డేటాబేస్ ఫైలు కుదింపు: అపోహలు - వాస్తవాలు

తిరుపతి బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలు వాడే గదుల బుకింగ్ సాఫ్ట్‌వేర్‌కు డేటాబేస్ పనులు చూస్తుంటాను. బ్రహ్మోత్సవాల రద్దీ తగ్గగానే ఫోన్లు మొదలవుతాయి. "సార్, పాత రికార్డులన్నీ తీసేశాం, ఫైలు సైజు మాత్రం తగ్గలేదు. కాస్త కుదించి పెట్టండి" అంటారు. కుదింపు (ష్రింక్) అంటే ఫైలులోని ఖాళీ చోటును డిస్కుకు తిరిగి ఇచ్చి సైజు తగ్గించడం.

అపోహ: రికార్డులు తీసేస్తే డిస్కులో చోటు మిగులుతుంది.

వాస్తవం: తిరుమలలో క్యూ కాంప్లెక్సు కంపార్టుమెంటు నుంచి భక్తులు దర్శనానికి కదిలితే ఆ గదిని ఎవరూ పడగొట్టరు, వెనక వచ్చేవారిని అందులో కూర్చోబెడతారు. డేటాబేస్ చేసేదీ అదే. ఖాళీ అయిన చోటును కొత్త రికార్డుల కోసం తన దగ్గరే ఉంచుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో తీసేసిన రికార్డుల చోటును శుభ్రం చేసే మామూలు వ్యాక్యూమ్ ఆదేశం కూడా ఆ చోటును సాధారణంగా డిస్కుకు తిరిగి ఇవ్వదు. వ్యాక్యూమ్ ఫుల్ ఇస్తుంది. కానీ అది టేబుల్ (రికార్డుల పట్టిక) మొత్తాన్ని కొత్తగా రాస్తుంది, అంతసేపూ ఆ టేబుల్‌ను ఎవరూ చదవలేరు, మార్చలేరు. కొత్త ప్రతికి అదనపు చోటు కూడా కావాలి కాబట్టి, డిస్కు పూర్తిగా నిండాక దీన్ని మొదలుపెట్టి లాభం లేదు.

అపోహ: కుదించడం ఇల్లు ఊడ్చినంత మంచి పని, ప్రతి వారం చేయాలి.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇది. మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాను 8 కేబీ పేజీలుగా దాస్తుంది. కుదించమంటే ఫైలు చివర ఉన్న పేజీలను తీసి, ముందువైపు ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ పెడుతుంది. రికార్డులను త్వరగా వెతకడానికి ఉండే ఇండెక్సు (సూచిక) వరుస ఏమవుతుందో పట్టించుకోదు. ఒక లాడ్జీలో ఎవరో ప్రతి రాత్రీ కుదింపు జరిగేలా పెట్టారు. ఉదయం నేను వెళ్లేసరికి సామాన్లతో యాత్రికులు కౌంటరు ముందు నిలబడి ఉన్నారు, ఖాళీ గదుల జాబితా ఎంతకీ తెర మీదికి రావడం లేదు. ఇండెక్సులు దాదాపు పూర్తిగా చెదిరిపోయాయి. వాటిని తిరిగి కట్టడానికి చోటు కావాలి కాబట్టి ఫైలు మళ్లీ పెరిగింది. ఆ రాత్రి మళ్లీ కుదింపు! ఆ షెడ్యూలు తీసేయడమే నేను చేసిన అసలు మరమ్మతు.

అపోహ: ఫైలులో ఖాళీ ఉంటే బ్యాకప్ కూడా పెద్దదవుతుంది.

వాస్తవం: ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్యాకప్‌లోకి ఖాళీ చోటు రాదు. అయితే ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్లో పునరుద్ధరించేటప్పుడు మాత్రం ఫైలు అసలు సైజంతా అడుగుతుంది.

అపోహ: క్లౌడ్‌లో సైజు పెంచినంత సులువుగా తగ్గించవచ్చు.

వాస్తవం: అమెజాన్ వారి క్లౌడ్ డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్‌లో కేటాయించిన స్టోరేజీని నడుస్తున్న డేటాబేస్‌లో పెంచుకోవచ్చు, అక్కడికక్కడ తగ్గించలేం. చిన్న సైజుతో మరొకటి సిద్ధం చేసి, డేటాను అందులోకి మార్చుకోవాలి. ఎంత వాడినా, బిల్లు మాత్రం కేటాయించిన సైజుకే వస్తుంది. అందుకే మొదటి రోజే ఎక్కువ అడగవద్దని నా మనవి.

మరి ఎప్పుడూ కుదించకూడదా? ఐదేళ్ల పాత రికార్డులను వేరే చోటికి శాశ్వతంగా తరలించారనుకోండి, అప్పుడు ఒక్కసారి చేయవచ్చు. ముందు బ్యాకప్ తీసుకోండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే మొదట పేజీలను కదపకుండా ఫైలు చివరి ఖాళీని మాత్రమే వదిలే ట్రంకేట్‌ఓన్లీ పద్ధతిని ప్రయత్నించండి. అది చాలకపోతే కొద్దికొద్దిగా కుదించి, తర్వాత ఇండెక్సులను రీఆర్గనైజ్ చేయండి (ఉన్నచోటే వరుసలో సర్దడం), దానికి మొత్తం తిరిగి కట్టే రీబిల్డ్ అంత చోటు అక్కర్లేదు. వచ్చే బ్రహ్మోత్సవాల బుకింగులకు సరిపడా ఖాళీని మాత్రం ఫైలులోనే ఉంచండి.