కార్తీకంలో మొదలుపెడితే సంక్రాంతికి తొడ నిలుస్తుంది

కోనసీమ పాఠకుడొకరు అడిగారు: "సంక్రాంతి కబడ్డీ పోటీల్లో ఏటా మా కుర్రాళ్లకు తొడ వెనక పట్టేస్తోంది. దిష్టి అంటున్నారు. అసలేం జరుగుతోంది?"

దిష్టి కాదండీ. నరం ఎక్కిందని తొక్కించడం కూడా దయచేసి మానండి. చిరిగిన కండపోగులు దాంతో ఇంకా చెడతాయి.

రైడరు మధ్యగీత కోసం లగెత్తినప్పుడు కాలు విసురుగా ముందుకొస్తుంది. అది నేలను తాకేలోపు ఆ విసురును ఆపాల్సింది తొడ వెనకున్న హ్యామ్‌స్ట్రింగ్ కండరాలే. అవి సాగుతూనే బిగుసుకోవాలి. ధాన్యం బస్తాను మెల్లగా కిందికి దించే కూలీ చేతుల్లో జరిగేదీ ఇదే: చెయ్యి చాపుకుంటోంది, కండ మాత్రం పట్టు వదలదు. ఎత్తేటప్పటికన్నా దించేటప్పుడే కండరం ఎక్కువ బరువు ఆపగలదు. అలవాటు లేనివాడికి మర్నాడు ఒళ్లు పులిసేదీ ఎక్కువగా దించడం వల్లే. పరుగులో తరచుగా చిరిగేది బైసెప్స్ ఫెమోరిస్ లాంగ్ హెడ్ అనే బయటివైపు కండరం.

కాబట్టి ఆ దించడాన్నే అలవాటు చెయ్యాలి. నార్డిక్ వ్యాయామం అదే. గోనెసంచి మడిచి వేసుకుని దానిమీద మోకాళ్లపై నిలబడాలి. వెనక ఒకడు చీలమండలు నొక్కిపట్టాలి. మోకాళ్ల నుంచి తల దాకా ఒంగకుండా, వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలి, ఇక ఆగలేననుకున్నప్పుడు చేతులు ఆన్చాలి. కొన్ని వారాల్లో కండపోగుల కట్టలు పొడవవుతాయి, సాగినచోట బలం పెరుగుతుంది. 8 వేలకు పైగా క్రీడాకారుల వివరాలను కలిపి 2019లో విశ్లేషిస్తే, ఈ వ్యాయామం ఉన్న కార్యక్రమాల్లో ఈ గాయాలు సుమారు సగానికి తగ్గాయి.

చేస్తేనే సుమండీ! నార్వే ఫుట్‌బాల్ అమ్మాయిలపై 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో, నార్డిక్ కూడా ఉన్న నివారణ వ్యాయామాల వల్ల తేడా కనిపించలేదు. చాలా జట్లు వాటిని సరిగా కొనసాగించనేలేదు.

మన దగ్గరా అదే గండం. మొదటిరోజే ముప్పై సార్లు చేయిస్తారు, మర్నాడు కూర్చోలేక కుర్రాళ్లు మానేస్తారు. పరిశోధకుల పద్ధతిలో తొలివారం ఒక్కరోజే, అయిదేసి చొప్పున రెండు విడతలు. రెండోవారం రెండు రోజులు, ఆరేసి. ఆపైన వారానికి మూడు రోజులు, మెల్లగా పెంచుతూ 10 వారాలు. కార్తీకం మొదట్లోనే మొదలెడితే పండక్కి దాదాపు సరిపోతుంది. మధ్యలో కోతలొస్తాయి, మైదానానికి ఎవరూ రారు. రానక్కర్లేదు, ఇద్దరుంటే కళ్లంలోనే అయిపోతుంది. ఆ బాధ్యత ఊళ్లో లేని కోచ్‌కి కాక కెప్టెన్‌కి అప్పగించండి.

పండగయ్యాక పూర్తిగా ఆపితే నెలలోపే ఆ పొడవు తగ్గిపోతుంది. వారానికొక్కసారైనా చేయించండి. ఇప్పటికే నొప్పితో కుంటుతున్నవాడిని మాత్రం ముందు డాక్టరుకు చూపించండి.