అద్దం మీది బొట్టుబిళ్ల

మా బీరువా అద్దానికి ఎప్పుడు చూసినా నాలుగైదు బొట్టుబిళ్లలు అంటుకుని ఉంటాయి. రాత్రి తీసి అంటించడం, పొద్దున మళ్లీ పెట్టుకోవడం. మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. ఈసారి అద్దానికి అడుగు దూరంలో నిలబడి, ఒక కన్ను మూసుకుని, ఆ బిళ్లనే చూడండి. మీ ముఖం మసకబారుతుంది. ముఖాన్ని చూస్తే బిళ్ల మసకబారుతుంది. (చత్వారం వచ్చినవాళ్లకు బిళ్ల ఎటూ మసకే, వాళ్లు పిల్లల్ని అడగాలి.)

రెండూ అద్దం మీదే ఉంటే ఇలా జరగకూడదు. బిళ్ల అడుగు దూరంలో ఉంది. ముఖం మాత్రం అద్దం వెనక ఇంకో అడుగు లోపల, అంటే కంటికి రెండడుగుల దూరంలో ఉంది.

వెనక ఉన్నది ఇనప రేకు, దాని వెనక చీరలు. కాంతి అటు పోనే పోదు. మరి ముఖం అక్కడికెలా వెళ్లింది? ముక్కు కొస నుంచి బయల్దేరిన కాంతి విచ్చుకుంటూ అద్దానికి తగులుతుంది. ఏ కిరణం ఎంత వాలుగా వస్తే అంతే వాలుగా వెనక్కి మళ్లుతుంది. గోడ కూడా కాంతిని తిప్పికొడుతుంది గానీ, దాని గరుకుకి కిరణాలు చెల్లాచెదురైపోతాయి. అద్దం దగ్గర ఆ వరస చెడదు. మళ్లిన కిరణాలను వెనక్కి పొడిగిస్తే అద్దం వెనక ఒకేచోట కలుస్తాయి. దారిలో మలుపు ఉందని కంటికి తెలియదు కదా, ముక్కు అక్కడే ఉందనుకుంటుంది.

పుస్తకాల్లో దీన్ని మిథ్యా ప్రతిబింబం అంటారు. నాకా మాట అంతగా నచ్చదు. దానికోసం కంటి కటకం నిజంగానే ఫోకస్ మార్చుకుంటోంది! మైనస్ పవర్ ఉన్నవాళ్లు కళ్లద్దాలు తీసేస్తే, అద్దం ముక్కు ముందే ఉన్నా, అందులో కనిపించే వీధి మసకే.

కుడి ఎడమలు తారుమారవుతాయంటారు. కుడిచెయ్యి ఎత్తి చూడండి, అద్దంలోనూ మీ కుడివైపు చెయ్యే లేస్తుంది. మారింది ముందూ వెనకా మాత్రమే. మీరు తూర్పుకు చూస్తుంటే లోపలి మనిషి పడమరకు చూస్తాడు. మనలాంటి మనిషే ఇటు తిరిగి నిలబడ్డాడని ఊహించుకోవడం వల్లే ఆ గొడవంతా.

ఇక బిళ్ల పక్కన వేలి కొస ఆనించండి. వేలికీ దాని ప్రతిబింబానికీ మధ్య సన్నటి సందు కనిపిస్తుంది. ఆ సందు గాజు మందం వల్ల వచ్చింది, ఎందుకంటే కాంతిని తిప్పేది ముఖ్యంగా వెనక ఉన్న పూత. గాజు మీద వెండి పొర పేరుకునేలా చేసే రసాయన పద్ధతిని 1835లో జర్మనీ శాస్త్రవేత్త లీబిగ్ కనిపెట్టాడు. ఇప్పుడు చాలా అద్దాలకు అల్యూమినియం పూత వేస్తున్నారు. కేరళలోని ఆరన్ముళ అద్దానికైతే గాజే లేదు. రాగి, తగరం కలిపి పోతపోసిన పలకను నున్నగా మెరిసేదాకా ఓపిగ్గా సానపడతారు. దాని మీద వేలు పెడితే సందు ఉండదు, వేలికి వేలు తగులుతుంది.