నవ్వించే గూఢచారి వేషం: మా క్లాసులో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఉన్న పర్లాకిమిడిలో ఒక బట్టల కొట్టు మేడ మీద ప్రతి ఆదివారం యాక్టింగ్ క్లాసు చెబుతాను. గుణుపురం, కాశీనగర్, పక్కనే ఉన్న పాతపట్నం నుంచి పిల్లలు వస్తారు. అంతకుముందు తొమ్మిదేళ్ళు హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఉన్నాను. మొదట హీరో వెనక నడిచి వెళ్ళే పాసింగ్ ఆర్టిస్టుని, తర్వాత ఆడిషన్లు చూసుకునే క్యాస్టింగ్ అసిస్టెంటుని. నేను తెర మీద కనిపించింది మొత్తం కలిపితే ఒక నిమిషం ఉంటుందేమో, అందులో సగం వీపే.

ఈ మధ్య పిల్లల్లో ఎక్కువమందికి ఒకటే కోరిక: గూఢచారి వేషం, అదీ నవ్వించే గూఢచారి. ఆ కోరికతో పాటు నాలుగైదు అపోహలు కూడా మెట్లెక్కి వస్తున్నాయి.

అపోహ: నవీన్ పొలిశెట్టి ఒక్క సినిమాతో పైకొచ్చేశాడు.

వాస్తవం: అతను నవ్వించే డిటెక్టివ్‌గా, హీరోగా చేసిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' 2019 జూన్‌లో వచ్చింది. అతను 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్'లో చిన్న వేషం వేసింది 2012లో. 2014లో '1: నేనొక్కడినే'లో మరొకటి. ఆ సినిమా చూసినవాళ్ళని అతను ఏ సీన్‌లో ఉన్నాడో చెప్పమంటే చాలామంది తల గోక్కుంటారు. మధ్యలో ముంబైలో నాటకాలు, ఇంటర్నెట్ వీడియోలు. ఇంజనీరింగ్ క్యాంపస్ ప్లేస్‌మెంట్ల మీద చేసిన వీడియోతో దేశమంతా మొహం గుర్తుపట్టాక కూడా తెలుగులో హీరో వేషం ఎవరూ ఇంటికి తెచ్చివ్వలేదు. 'ఆత్రేయ' సినిమాకి దర్శకుడితో కలిసి స్క్రీన్‌ప్లే రాయడంలో తనూ కూర్చున్నాడు. అంటే తన కుర్చీ తనే చేసుకుని కూర్చున్నాడన్నమాట. 2012 నుంచి 2019 వరకు ఏడేళ్ళు. మా పిల్లలు ఏడు నెలలకే 'మాస్టారూ, ఇంకా ఎన్నాళ్ళు' అంటారు.

బయటి దేశాల్లో కూడా కథ ఇదే. 'స్పై' సినిమాలో ఆఫీసు కుర్చీలోంచి లేచి ఏజెంటుగా వెళ్ళే మెలిస్సా మెకార్తీ, 2000 నుంచి ఏడేళ్ళపాటు ఒక టీవీ సీరియల్‌లో హీరోయిన్ స్నేహితురాలు. 'స్పై' వచ్చింది 2015లో.

అపోహ: కామెడీ స్పై అంటే మొహం వంకర్లు తిప్పాలి. సహజంగా జోకులేసేవాడైతే చాలు.

వాస్తవం: నాకు ఎక్కువ పని పెట్టేది ఈ అపోహే.

లెస్లీ నీల్సన్ సంగతి చూడండి. 1996లో 'స్పై హార్డ్'లో గూఢచారిగా నవ్వించిన మనిషి. ఆయన 1950ల నుంచి సీరియస్ నటుడు. 1980లో 'ఎయిర్‌ప్లేన్!' అనే కామెడీకి ఆయన్ని పిలిచిందే ఆ సీరియస్ మొహం కోసం. అప్పటికి ఆయన వయసు 54. అందులో డాక్టరు వేషం. ఎంత తిక్క మాటైనా రోగికి రిపోర్టు చదివి వినిపిస్తున్నట్టే చెబుతాడు. జనం విరగబడి నవ్వారు. జేసన్ స్టాథమ్ కూడా అంతే. 'స్పై'లో తన సాహసాలు చెప్పుకుంటూ ఒక్కో అబద్ధం ముందుదాని కంటే పెద్దది కోస్తాడు. కళ్ళలో మాత్రం అణువంత చిరునవ్వు ఉండదు. యాక్షన్ సినిమాల్లో వాడే గొంతే ఇక్కడా వాడాడు.

క్లాసులో ఏం జరిగిందో చెబుతాను. ఒక కుర్రాడికి చిన్న సీను ఇచ్చాను. గూఢచారి మారువేషంలో టీ కొట్టు దగ్గర కూర్చుంటాడు, చేతిలో ఒడియా పేపరు. టీ కొట్టు ఆయన వీడి చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. 'ఏరా, మీ నాన్నకి మోకాలు తగ్గిందేటి?' అంటాడు. వీడు తనెవరో బయటపడకుండా జవాబు చెప్పాలి.

మొదటిసారి మా వాడు కళ్ళు తిప్పాడు, మూతి సొట్టగా పెట్టాడు, భుజాలు ఎగరేశాడు. క్లాసులో ఇరవై మంది ఉన్నారు, ఒక్కడు నవ్వలేదు. అప్పుడు పక్కకి పిలిచి అన్నాను: 'ఈయన నిన్ను గుర్తుపట్టాడని పై ఆఫీసరుకి తెలిస్తే నీ ఉద్యోగం ఈ పూటే పోతుంది. మీ నాన్న మోకాలి ఆపరేషన్‌కి ఆ జీతమే దిక్కు. ఇప్పుడు చెయ్యి.'

రెండోసారి వాడు పేపరు ఇంకాస్త పైకెత్తాడు. మొహం కనపడటం లేదు, పేపరు అంచులు సన్నగా వణుకుతున్నాయి. టీ కొట్టు వేషం వేసిన అమ్మాయికి ఏం తోచిందో, నేను రాయని డైలాగు కొట్టింది: 'పేపరు తిరగేసి పట్టుకున్నావురా.' రెండు సెకన్లు నిశ్శబ్దం. పేపరు వెనక నుంచి చిన్న గొంతు: 'తెలుసు. అది కోడు.' మేడ ఎగిరిపోయింది.

నవ్వు మాటలో ఎంత ఉందో ఆ రెండు సెకన్లలోనూ అంత ఉంది. అయితే ఆగడం నేర్పించగలను గానీ, ఎంతసేపు ఆగాలో ఏ మాస్టారూ గడియారం పెట్టి చెప్పలేడు. జనం ముందు వందసార్లు చేస్తేనే పట్టుబడుతుంది. నాటకాల నుంచి వచ్చినవాళ్ళు ఈ వేషాల్లో నిలబడటానికి కారణం అదే. రీల్స్‌లో పేరొచ్చిన పిల్లలు ఇక్కడే తడబడతారు. వాళ్ళు ఆగాల్సిన చోట ఎడిటింగ్‌లో కోసేస్తారు, ఆగడం అలవాటు కాదు.

అపోహ: ఒకసారి కామెడీ చేస్తే హీరో ఇమేజ్ పోతుంది.

వాస్తవం: 1983లో 'ఖైదీ' చేసిన చిరంజీవి 1986లో జంధ్యాల గారి 'చంటబ్బాయ్'లో అమాయకపు డిటెక్టివ్ పాండురంగారావు అయ్యారు. ఆ మరుసటి ఏడు 'పసివాడి ప్రాణం'. ఏ ఇమేజ్ పోయింది? వేషం సరిగా చెయ్యకపోతే మాత్రం పోతుంది, అది ఫైటు సీనుకైనా అంతే.

అపోహ: ఫీల్డులోకి రావాలంటే ముందు కొంత డబ్బు కట్టాలి.

వాస్తవం: కట్టకండి. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఒక ఆఫీసులో 'ఆర్టిస్ట్ కార్డు' అని పదిహేను వేలు తీసుకున్నారు. అది మా అమ్మ చిట్టీ ఎత్తిన డబ్బు. కార్డైతే ఇచ్చారు, లామినేషన్ చేసి మరీ. దాన్ని ఏ సెట్లోనూ ఎవరూ అడగలేదు. తర్వాత క్యాస్టింగ్‌లో పనిచేసినన్నాళ్ళూ చూశాను, పద్ధతిగా ఆడిషన్ పెట్టేవాళ్ళు ఆర్టిస్టు దగ్గర పైసా తీసుకోరు. ఫోన్‌లో తీసిన సెల్ఫ్ టేప్ చాలు: తెల్ల గోడ, కిటికీ వెలుతురు, పేరు, ఎత్తు, ఒక డైలాగు. ఫిల్టర్ పెట్టకండి. పెడితే పక్కన పడేసేది నాలాంటి అసిస్టెంటే.

అపోహ: నటన అంటే చదువు మానెయ్యాలి. (ఇది పిల్లలకి ఆశ, తండ్రులకి భయం.)

వాస్తవం: నవీన్ పొలిశెట్టి భోపాల్‌లోని మానిట్‌లో ఇంజనీరింగ్ చదివాడు. 'జానీ ఇంగ్లిష్' రోవన్ అట్కిన్సన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేశాడు. 2003లో వచ్చిన ఆ గూఢచారి అసలు 1990ల్లో ఒక క్రెడిట్ కార్డు ప్రకటనల్లో పుట్టినవాడు. ప్రకటనలంటే చిన్నచూపు చూసేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. మన బ్రహ్మానందం గారు తెలుగు లెక్చరర్‌గా పాఠాలు చెప్పి వచ్చారు. డిగ్రీ వేషం తెచ్చిపెట్టదు. వేషాలు లేని నెలల్లో అద్దె కడుతుంది.

అపోహ: మన బోర్డర్ యాసతో తెలుగు సినిమాలో పనికిరాం.

వాస్తవం: ఈ మాట పర్లాకిమిడిలో వినాల్సి రావడమే విడ్డూరం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఏజెంట్ ఆత్రేయ తన ఆఫీసు నెల్లూరులో పెట్టుకున్నాడు, అందుకే మన పక్కింటివాడిలా ఉన్నాడు. 'పలాస 1978' సినిమాలో వినిపించింది శ్రీకాకుళం మాటే. ఆడిషన్‌లో నేనైతే మొదటి నిమిషం సొంత యాసలోనే మాట్లాడమనేవాణ్ణి. మనిషి ఎవరో అప్పుడే తెలుస్తుంది.

మనవాళ్ళకి అసలు అడ్డు వేరే ఉంది. అది ఎవరూ పైకి చెప్పరు, చెప్పుకోవడానికి సిగ్గు. ఒడియా మీడియంలో చదివిన పిల్లలు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు గానీ తెలుగు చదవలేరు. నా దగ్గర డైలాగులు ఒడియా అక్షరాల్లో రాసుకునేవాళ్ళు సగం మంది. క్లాసులో అది నడుస్తుంది. సెట్లో అసిస్టెంట్ డైరెక్టరు షాటుకి పది నిమిషాల ముందు డైలాగు మార్చి, తెలుగులో గీకిన కాగితం చేతిలో పెట్టి వెళ్ళిపోతాడు. నేను చూస్తుండగానే మన వైపు కుర్రాడొకడు ఆ కాగితం పట్టుకుని చదివి పెట్టేవాళ్ళ కోసం సెట్టంతా తిరిగాడు. టెన్షన్‌లో మూడు టేకులు పోయాయి. నాలుగో టేకుకి ఆ డైలాగు పక్క ఆర్టిస్టుకి ఇచ్చేశారు. యాస గురించి ఆ రోజు అక్కడ ఒక్కరూ మాట్లాడలేదు.

అందుకని ఇప్పుడు క్లాసులో మొదటి అరగంట నటన లేదు, తెలుగు చదవడమే. మొన్న టీ కొట్టు సీను చేసిన ఆ కుర్రాడిది కాశీనగర్. ఆదివారం క్లాసయ్యాక పాతపట్నం దాకా వెళ్ళి, అక్కడి షాపుల బోర్డులు, గోడల మీద పోస్టర్లు ఒక్కొక్కటే కూడబలుక్కుని వస్తున్నాడు. పోయిన వారం ఒక మందుల షాపు ముందు మరీ ఎక్కువసేపు నిలబడ్డాడట. ఏం కావాలని షాపాయన రెండుసార్లు అడిగితే, పేపరు సీను గొంతుతోనే చెప్పాడట: 'ఏం లేదండీ. డ్యూటీలో ఉన్నాను.'