ఐపీ వెనుక ఉన్న చట్టం కథ

ఎవరైనా ఐపీ పెట్టారంటే, అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో దివాలా పిటిషన్ వేశారంటే, ముందు వినపడేవి శాపనార్థాలే. చిట్టీల పేరుతో, చేబదుళ్ల పేరుతో జనాన్ని ముంచి, ఆస్తులు ముందే సర్దుకుని కోర్టుకెక్కినవాళ్లను చూసి పుట్టిన కోపం అది. ఆ కోపం న్యాయమైనదే. కానీ దానికి జడిసి, నిజంగా తీర్చలేని స్థితికి వచ్చిన కుటుంబాలు కూడా ఆ దారి వైపు చూడటం లేదు. ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు గానీ లాయరు గడప తొక్కడం లేదు.

తీర్చలేనివాణ్ని ఏం చేయాలన్న ప్రశ్న చాలా పాతది. అప్పు కింద భార్యాబిడ్డల్ని పనికి పెడితే మూడేళ్లు చేయించుకుని నాలుగో ఏట వదిలేయాలని బాబిలోన్‌లో హమ్మురాబి శాసనం చెప్పింది. మన ధర్మశాస్త్రాలు వడ్డీకి హద్దు పెట్టాయి: ఒకేసారి వసూలు చేసే వడ్డీ అసలును మించకూడదు. ఇంగ్లండు 1542లో తెచ్చిన మొదటి దివాలా చట్టం అప్పులపాలైన వ్యాపారిని నేరస్థుడిగానే చూసింది. మలుపు 1705 చట్టంతో వచ్చింది. ఉన్నదంతా నిజాయితీగా అప్పగించిన వ్యాపారికి మిగతా బాకీ నుంచి విముక్తి, మోసంతో దాచినవాడికి ఉరిశిక్ష. శిక్షలు మారాయి గానీ, దాచినవాడినీ దాచనివాడినీ వేరుగా చూడటం తర్వాతి చట్టాల్లోనూ నిలిచింది. వ్యాపారి కాని మామూలు మనిషికి అక్కడ దివాలా చట్టం వర్తించింది 1861లోనే.

మన దేశంలో మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు 1909లో ఒక చట్టం, బ్రిటిష్ పాలనలోని మిగతా ప్రాంతాలకు 1920లో ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం వచ్చాయి. మన జిల్లాల్లో ఐపీ అంటే ఈ రెండోదాని కింద వేసే పిటిషనే. కోర్టు దివాలా ప్రకటిస్తే ఆస్తి రిసీవర్ (ఆస్తిని చూసుకోడానికి కోర్టు పెట్టే మనిషి) చేతికి వెళ్తుంది, అమ్మగా వచ్చింది అప్పులవాళ్లకు పంచుతారు. అయితే వంట పాత్రలు, కట్టుబట్టలు, పరుపులు, చేతివృత్తివాడి పనిముట్లు, రైతు నాగలి, ఎడ్లు ముట్టుకోకూడదు. మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి మీది నుంచి తీయకూడని నగలూ అంతే. మనిషిని నడిరోడ్డు మీద నిలబెట్టకూడదన్న ఆలోచన ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

దాచుకునేవాడికి మాత్రం వల గట్టిగానే ఉంది. దివాలాకు ముందు రెండేళ్లలో బావమరిది పేరున ఊరికే రాసిచ్చిన ఆస్తిని రిసీవర్ కోర్టు ద్వారా రద్దు చేయించవచ్చు. చివర్లో డిశ్చార్జ్, అంటే మిగిలిన అప్పుల నుంచి కోర్టు ఇచ్చే విముక్తి, దొరికినా ప్రభుత్వ బకాయిలు, మోసంతో తెచ్చిన అప్పులు, భార్యాబిడ్డల మనోవర్తి మాఫీ కావు. హామీ సంతకం పెట్టినవాళ్లకూ విముక్తి ఉండదు. నా దృష్టిలో జనానికి అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఇదే. స్నేహితుడి నోటు మీద మొహమాటంతో పెట్టిన సంతకం, స్నేహితుడు బయటపడ్డాక కూడా మెడకు చుట్టుకునే ఉంటుంది.

జైలు భయం గురించి ఒక మాట. డబ్బుండీ దురుద్దేశంతో ఎగ్గొడితే తప్ప, కేవలం తీర్చలేకపోయినందుకు జైలుకు పంపకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. డబ్బు కట్టమని సివిల్ కోర్టు ఇచ్చిన తీర్పు (డిక్రీ) కింద మహిళల్ని అసలు అరెస్టే చేయకూడదు.

అంత దూరం రాకముందే చేయగలిగింది కూడా ఉంది. అప్పులన్నీ ఒక కాగితం మీద, ఏడాది వడ్డీ శాతంతో రాసుకోవాలి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, ఐదు రూపాయలంటే 60. బంగారం తాకట్టు వడ్డీ అంతకంటే తక్కువైతే, దానితో పెద్ద వడ్డీని ముందు తెంచుకోవడమే మేలు. కొత్త అప్పుతో పాత వడ్డీ మాత్రమే కడుతున్నారంటే పరిస్థితి చేయి దాటుతున్నట్టే.

1909, 1920 నాటి ఆ పాత చట్టాల స్థానంలో ఉండాలని 2016లో దివాలా స్మృతి అనే కొత్త చట్టం వచ్చింది. ఏడాది ఆదాయం 60,000, ఆస్తి 20,000, అప్పు 35,000 రూపాయలు మించని, సొంతిల్లు లేని పేదలకు అప్పు మాఫీ చేసే ఏర్పాటు అందులో ఉంది. ఆ హద్దులు మరీ చిన్నవి. పైగా వ్యక్తులకు సంబంధించిన ఆ భాగాన్ని 2019 డిసెంబర్ 1 నుంచి కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్ల వరకే అమలు చేశారు. మామూలు కుటుంబాలు ఇప్పటికీ 1920 చట్టం కిందే సివిల్ కోర్టుకు వెళ్లాల్సి వస్తోంది.